గ్రీన్‌హౌస్ ప్రభావం మీద సంశయాలు: తేలిన విషయం ఏది, తేలనిది ఏది

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇంత పెద్ద భూగోళాన్ని వేడెక్కిస్తుందంటే నమ్మశక్యంగా లేదని, చల్లటి పై గాలి తనకంటే వెచ్చని నేలను వేడిచేయడం ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమానికి విరుద్ధమని, ఆ వాయువు పట్టుకోగలిగిన వేడిని ఇప్పటికే పూర్తిగా పట్టుకుంటోంది కాబట్టి ఇంకా చేరినా తేడా ఉండదని మీరు రాశారు. నీటి ఆవిరి, సూర్యుడు ఇంతకంటే బలమైన కారణాలు కావా అని, ధ్రువపు మంచులో దొరికిన రికార్డుల్లో ఉష్ణోగ్రత ముందు పెరిగి వాయువు తరవాత పెరిగినట్లు కనిపిస్తుంటే కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నారేమో అని అడిగారు. భూతాపానికి గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని కారణంగా చూపడం ఒక ఊహ మాత్రమేనా అన్నది వీటన్నిటి వెనక ఉన్న అసలు ప్రశ్న.

వాతావరణంలోని వికిరణాన్ని కొలవడం, ఆ కొలతలను ఎలా చదవాలో విద్యార్థులకు నేర్పడం నా వృత్తి. ఈ సందేహాలను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వీటిలో కనీసం ఒకటి ఒకప్పుడు భౌతిక శాస్త్రవేత్తలనే దాదాపు అర్ధశతాబ్దం పాటు పక్కదారి పట్టించింది. అయితే మీ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. గ్రీన్‌హౌస్ ప్రభావం అనేది ఉందా, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అది బలపడుతుందా అన్నది ఒకటి. బలపడితే భూమి చివరికి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందన్నది మరొకటి. మొదటిదానికి జవాబు పరికరాలతో కొలిచి తేల్చినది. రెండోదానిలో ఇప్పటికీ చెప్పుకోదగ్గ అనిశ్చితి ఉంది. సంశయవాదుల రచనల్లో నాకు తరచుగా కనిపించే లోపం, రెండోదానిలోని అనిశ్చితిని తెచ్చి మొదటిదానికి అంటగట్టడం.

శక్తి లెక్కతో మొదలుపెడదాం. వాతావరణం పై అంచున, సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. దాన్ని గోళమంతటికీ, పగటికీ రాత్రికీ కలిపి సర్దితే చదరపు మీటరుకు 340 వాట్లు వస్తాయి. అందులో దాదాపు 30 శాతాన్ని మేఘాలు, మంచు, ఎడారి నేలలు తిప్పి పంపేస్తాయి కాబట్టి భూమి నిజంగా గ్రహించేది 240 వాట్లు. అంతే శక్తిని పరారుణ వికిరణంగా, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలుగా, బయటికి పంపే వస్తువు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. కాని భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా ఉంది, ఆ ఉష్ణోగ్రత దగ్గర నేల, సముద్రం కలిసి చదరపు మీటరుకు దాదాపు 390 వాట్లు వెలువరిస్తాయి. ఉపగ్రహాలు పైనుంచి కొలిస్తే బయటికి పోతున్నది 240 దగ్గరే కనిపిస్తుంది. కింద బయలుదేరిన 390కి, పైన బయటపడిన 240కి మధ్య ఉన్న ఈ 150 వాట్ల తేడానే గ్రీన్‌హౌస్ ప్రభావం అంటారు. ఇందులో కంప్యూటర్ నమూనాలు ఏవీ లేవు. రెండు కొలతల మధ్య తీసివేత మాత్రమే ఉంది.

ఈ తేడాకు వాయువుల శోషణ (వికిరణాన్ని పీల్చుకోవడం) అక్కరలేదని, గాలి బరువు వల్ల ఏర్పడే ఒత్తిడే నేలను వెచ్చగా ఉంచుతుందని, శుక్రగ్రహం అందుకు రుజువని కొందరు వాదిస్తారు. శుక్రుడి మీద ఒత్తిడి భూమి మీదకన్నా 90 రెట్లకు పైగా ఉన్న మాట నిజమే. అయితే గాలిని నొక్కినప్పుడు, ఆ నొక్కుతున్నంతసేపే వేడి పుడుతుంది. నొక్కి ఉంచినంత మాత్రాన శక్తి నిరంతరంగా పుట్టదు. శుక్రుడి మేఘాలు సూర్యకాంతిలో నాలుగింట మూడు వంతులను తిప్పి పంపడం వల్ల ఆ గ్రహం చదరపు మీటరుకు భూమికన్నా తక్కువ శక్తినే గ్రహిస్తుంది, అయినా దాని నేల 460 డిగ్రీల వేడితో ఉంది. ఆ వేడి వికిరణంగా నేరుగా బయటికి పోగలిగితే ఆ గ్రహం ఎప్పుడో చల్లబడి ఉండేది.

ఇక ఆ 150 వాట్లను ఆపుతున్నది ఏదో తెలుసుకోవాలంటే మొత్తం అంకెను కాక, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత శక్తి బయటికి వస్తోందో విడివిడిగా చూడాలి. ఈ విషయంలో నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 1970లో ప్రయోగించిన నింబస్ 4 ఉపగ్రహం పంపిన వర్ణపటాలు. సహారా ఎడారి మీద పట్టపగలు తీసిన వర్ణపటంలో, గాలి పారదర్శకంగా ఉండే 10 నుంచి 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ప్రాంతంలో గీత దాదాపు 320 కెల్విన్ల, అంటే 47 డిగ్రీల సెల్సియస్, వస్తువు వెలువరించినట్టు ఉంటుంది. అది ఇసుక వేడి; మధ్యలో ఎవరూ అడ్డుపడకుండా నేరుగా అంతరిక్షానికి పోతోంది. అదే గీత 15 మైక్రాన్ల దగ్గరికి వచ్చేసరికి నిట్టనిలువుగా కిందికి పడి, 220 కెల్విన్ల (మైనస్ 53 డిగ్రీల) చుట్టూ ఉన్న గొయ్యిగా మారుతుంది. కార్బన్ డయాక్సైడ్ అణువు వంగి ఊగే కంపనానికి సరిపోయే తరంగదైర్ఘ్యం సరిగ్గా అదే. ఆ గొయ్యిలో ఉపగ్రహం చూస్తున్నది ఇసుకను కాదు, చాలా ఎత్తున ఉన్న చల్లటి గాలిని. నేలనుంచి బయలుదేరిన ఆ తరంగదైర్ఘ్యపు వికిరణం దారిలో శోషణకు గురైంది, దాని బదులు పై పొరలు తమ చల్లదనానికి తగినట్టు తక్కువ శక్తిని వెలువరించాయి.

ఇదే ఉపగ్రహం అంటార్కిటికా మీదుగా పోయినప్పుడు గొయ్యి ఉండవలసిన చోట దిబ్బ కనిపిస్తుంది. అక్కడి మంచు నేల, దాని పైనున్న గాలికన్నా చల్లన. కాబట్టి 15 మైక్రాన్ల దగ్గర ఎక్కువ శక్తి బయటికి వస్తుంది. పై పొర చల్లగా ఉన్నచోట వాయువు బయటికి పోయే వేడిని తగ్గించడం, పై పొర వెచ్చగా ఉన్నచోట పెంచడం, ఈ రెండూ ఒకే సిద్ధాంతం నుంచి వస్తాయి. గ్రీన్‌హౌస్ ప్రభావం ఊహ అనే వారు ఎడారి మీది గొయ్యినీ ధ్రువం మీది దిబ్బనీ వేరే ఏ కారణంతో వివరిస్తారని నేను ఎప్పుడూ అడుగుతాను. ఆ తరవాత 1997లో జపాన్ ఉపగ్రహం మీది పరికరం తీసిన వర్ణపటాలను 1970 నాటివాటితో పోల్చి చూసినప్పుడు, మధ్యకాలంలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువుల తరంగదైర్ఘ్యాల దగ్గరే మార్పు కనిపించింది. ఆ ఫలితం 2001లో ప్రచురితమైంది.

రెండో నియమం గురించి మీరు రాసినది, వేడి దానంతట అది చల్లని వస్తువునుంచి వెచ్చని వస్తువుకు ప్రవహించదన్న మాట, అక్షరాలా సరైనది. కాని ఆ నియమం చెప్పేది నికర ప్రవాహం గురించి. నేల పైకి 390 వాట్లు పంపుతుంది, గాలి కిందికి సుమారు 340 వాట్లు పంపుతుంది; నికరంగా వేడి నేలనుంచి గాలికే పోతోంది, నియమానికి ఏ భంగమూ లేదు. గాలి నేలను వేడిచేస్తుందనడంకన్నా, సూర్యుడు వేడిచేసిన నేల చల్లబడే వేగాన్ని గాలి తగ్గిస్తుందనడం సరిగా ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రులు తేటగా ఉన్న రాత్రులకన్నా వెచ్చగా ఉండడం అందరికీ అనుభవమే. ఆ మబ్బు నేలకన్నా ఎన్నో డిగ్రీలు చల్లన, అయినా దాని కింద నేల తక్కువగా చల్లబడుతుంది. రెండో నియమం మబ్బును అడ్డుకోనప్పుడు నీటి ఆవిరినీ కార్బన్ డయాక్సైడ్‌నూ అడ్డుకోదు.

ఇది మీరు స్వయంగా చూడవచ్చు. చేతిలో పట్టుకునే పరారుణ థర్మామీటరును రాత్రిపూట తేట ఆకాశం వైపు గురిపెడితే అది సున్నాకు బాగా దిగువన ఏదో అంకె చూపిస్తుంది, మబ్బు తునక వైపు తిప్పగానే ఆ అంకె గణనీయంగా పైకి లేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి థర్మామీటర్లు సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యనే చూస్తాయి. గాలి అడ్డు తక్కువగా ఉండాలనే అలా తయారుచేస్తారు. కాబట్టి అవి పట్టుకునేది ముఖ్యంగా నీటి ఆవిరినుంచి, మేఘాలనుంచి వచ్చే వికిరణాన్నే. కార్బన్ డయాక్సైడ్ శోషించే తరంగదైర్ఘ్యాల పట్టీలో ఎక్కువ భాగం వాటి చూపుకు అందదు. ఈ పరికరంతో కార్బన్ డయాక్సైడ్‌ను నిరూపించామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి తరంగదైర్ఘ్యాలను విడదీసి కొలిచే వర్ణపటమాపకం కావాలి. అమెరికాలోని ఓక్లహోమా, అలాస్కా పరిశోధన కేంద్రాల్లో అటువంటి పరికరాలు 2000 నుంచి 2010 దాకా ఆకాశాన్ని ఎడతెగకుండా కొలిచాయి. ఆ దశాబ్దంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ 22 పీపీఎం (గాలిలోని ప్రతి పది లక్షల అణువులకు 22) పెరిగింది, దానివల్ల నేలకు దిగివచ్చే వికిరణం చదరపు మీటరుకు సుమారు 0.2 వాట్లు పెరిగినట్టు 2015లో ప్రచురించారు. ఏటా చెట్లు ఆకులు తొడిగి వాయువును పీల్చుకునే కాలంలో ఆ వికిరణం కొంచెం తగ్గి, తరవాత మళ్లీ పెరగడం కూడా ఆ కొలతల్లో కనబడింది.

0.04 శాతం అనే అంకె చిన్నదిగా అనిపించడం సహజం, కాని ఇక్కడ శాతం కొలమానం కాదు. గాలిలో 99 శాతం ఉన్న నత్రజని, ఆమ్లజని పరారుణాన్ని దాదాపు ఏమాత్రం అడ్డుకోవని, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటివి గట్టిగా శోషిస్తాయని భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1859 నుంచి చేసిన ప్రయోగాల్లో కొలిచి చూపించాడు. అంతకు మూడేళ్ల ముందే యూనిస్ ఫుట్, ఎండలో పెట్టిన గాజు గొట్టాల్లో కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కడం గమనించి రాసింది. శోషించని వాయువు ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. శోషించే అణువులు వికిరణం దారిలో ఎన్ని ఎదురవుతాయన్నదే లెక్క. ప్రతి చదరపు మీటరు నేల మీదా నిలబడిన గాలి స్తంభంలో ఇప్పుడు ఆరు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఉంది. దాన్ని వేరుచేసి సముద్రమట్టపు ఒత్తిడి దగ్గర పరిస్తే మూడు మీటర్లకు పైగా మందం వస్తుంది. అలాగే పరిస్తే ఓజోన్ మందం మూడు మిల్లీమీటర్లే, ఆ మూడు మిల్లీమీటర్లే మనల్ని ప్రమాదకరమైన అతినీలలోహిత కిరణాలనుంచి కాపాడుతున్నాయి.

మీరు లేవనెత్తిన వాటిలో నేను అత్యంత గౌరవంగా చూసేది శోషణ ఇప్పటికే నిండిపోయిందన్న వాదన. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ 1896లో లెక్కగట్టినప్పుడు, స్వీడన్‌కే చెందిన నుట్ ఆంగ్‌స్ట్రోమ్ 1900లో దీన్నే అభ్యంతరంగా చెప్పాడు. ఒక గొట్టంలో ఆ వాయువు నింపి, పరారుణం పంపి, తరవాత వాయువును మూడో వంతు తగ్గించి చూస్తే, గొట్టం దాటివచ్చే వికిరణంలో పెద్ద తేడా రాలేదు. ఆ ప్రయోగం తప్పు కాదు. 15 మైక్రాన్ల పట్టీ నడిబొడ్డున నేలనుంచి బయలుదేరిన వికిరణం ఇప్పుడు కూడా కొద్ది మీటర్లు దాటకముందే శోషించబడుతుంది. ఆ ప్రయోగంనుంచి తీసిన తీర్మానం మాత్రం తప్పు.

ఎందుకంటే వాతావరణం ఒకే గొట్టం కాదు. శోషించిన ప్రతి పొరా తిరిగి వెలువరిస్తుంది, దాన్ని పై పొర శోషించి మళ్లీ వెలువరిస్తుంది, ఇలా సాగి సాగి, పైన గాలి తగినంత పలచబడిన ఎత్తున ఆ వికిరణం అంతరిక్షానికి తప్పించుకుంటుంది. భూమి ఎంత వేడిని పోగొట్టుకుంటుందన్నది ఆ తప్పించుకునే ఎత్తు దగ్గరి ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలిపి సగటు తీస్తే ఆ ఎత్తు సుమారు 5 కిలోమీటర్లు. కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున కిందికి దిగుతూ వస్తే మైనస్ 18 డిగ్రీలు నేల దగ్గర 15 డిగ్రీలవుతాయి. పైన చెప్పిన లెక్కతో ఇది సరిపోవడం కాకతాళీయం కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే తప్పించుకునే ఎత్తు ఇంకా పైకి జరుగుతుంది, అక్కడ గాలి ఇంకా చల్లన, కాబట్టి బయటికి పోయే శక్తి తగ్గుతుంది. లోపలికి వచ్చేది మారలేదు, పోయేది తగ్గింది. ఆ రెండూ మళ్లీ సమానమయ్యేదాకా కింద ఉష్ణోగ్రత పెరగక తప్పదు. అదీగాక పట్టీ నడిబొడ్డు నిండినా అంచులు నిండలేదు. వాయువు పెరిగేకొద్దీ గొయ్యి వెడల్పవుతూ పోతుంది. నిండిపోవడంలో ఉన్న నిజం కూడా లెక్కలోకి తీసుకున్నదే: ప్రభావం వాయువు మొత్తానికి అనుపాతంలో కాక లాగరిథమ్ ప్రకారం పెరుగుతుంది, అంటే ప్రతి రెట్టింపుకూ చదరపు మీటరుకు సుమారు 3.7 నుంచి 3.9 వాట్లు చేరుతాయి. 280 పీపీఎం నుంచి 420 దాటేదాకా వచ్చిన పెరుగుదలవల్ల ఇప్పటికే రెండు వాట్లకు పైగా చేరింది.

ఈ లెక్కలకు ఆధారమైన శోషణ రేఖల పట్టికలను, అంటే ఏ వాయువు ఏ తరంగదైర్ఘ్యాలను ఎంత శోషిస్తుందో చెప్పే జాబితాలను, తొలినాళ్లలో క్రోడీకరించింది వాతావరణ మార్పు గురించి ఆలోచిస్తున్నవారు కాదు, అమెరికా వైమానిక దళపు పరిశోధనశాల. పరారుణం గాలిలో ఎంత దూరం పోతుందన్నది వాళ్లకు సైనిక అవసరం. ఒక వాదాన్ని నెగ్గించడానికి ఈ అంకెలను తయారుచేశారని అనుమానించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సూర్యుడి విషయం త్వరగా తేల్చవచ్చు. 1978 చివరినుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని నేరుగా కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో అది 0.1 శాతం మేర హెచ్చుతగ్గులకు లోనవుతుంది తప్ప, భూమి ఎక్కువగా వేడెక్కిన ఈ దశాబ్దాల్లో దానిలో పెరుగుదల లేదు. ఇంతకన్నా నిర్ణయాత్మకమైన పరీక్ష మరొకటి ఉంది. సూర్యుడే కారణమైతే వాతావరణం కిందినుంచి పైదాకా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింది పొర వేడెక్కుతూ, పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడాలి, ఎందుకంటే అక్కడ ఆ వాయువు పెరిగితే అంతరిక్షానికి వికిరణం పంపే సామర్థ్యం పెరుగుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబె, రిచర్డ్ వెథరాల్డ్ ఈ ఫలితాన్ని 1967లోనే లెక్కగట్టి ప్రచురించారు, అప్పటికి దాన్ని సరిచూసే ఉపగ్రహ కొలతలు లేవు. తరవాతి దశాబ్దాల్లో స్ట్రాటో ఆవరణం చల్లబడుతూనే వచ్చింది. కింది భాగంలో ఆ చల్లదనానికి ఓజోన్ తగ్గడం కూడా కారణమే, కాని పైకి వెళ్లేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ వాటాయే ప్రధానం. మనాబెకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

నీటి ఆవిరి కార్బన్ డయాక్సైడ్‌కన్నా బలమైన గ్రీన్‌హౌస్ వాయువు అన్న మీ మాటతో ఏకీభవిస్తాను. మొత్తం ప్రభావంలో దాదాపు సగం దానిదే. కాని గాలిలో అది ఎంత ఉండాలో ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. ఎక్కువైతే తొమ్మిది పది రోజుల్లో వానగా కురిసిపోతుంది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే మాత్రం సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలుగుతుంది. అందువల్ల నీటి ఆవిరి తనంతట తాను మార్పును మొదలుపెట్టలేదు, వేరే కారణంతో మొదలైన మార్పును పెద్దది చేస్తుంది. దీనికి ప్రకృతే ఒక పరీక్ష పెట్టింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం బద్దలై, గంధకపు కణాలు స్ట్రాటో ఆవరణంలో పరుచుకున్నప్పుడు, భూమి అర డిగ్రీ వరకు చల్లబడుతుందని వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం ముందుగానే లెక్కగట్టింది. భూమి దాదాపు అంతే చల్లబడింది, గాలిలో నీటి ఆవిరి కూడా తగ్గింది. ఆ తగ్గుదలను లెక్కలో చేర్చకపోతే చల్లబడిన మోతాదు సరిపోలేదు.

మంచు రికార్డుల్లో మీరు చెప్పిన వరస, అంటార్కిటికాలో ఉష్ణోగ్రత ముందు కదిలి వాయువు కొన్ని వందల ఏళ్లు వెనకబడడం, పాత విశ్లేషణల్లో ఉన్నదే. మంచుయుగాల ముగింపును మొదలుపెట్టింది భూకక్ష్యలో వచ్చే నెమ్మదైన మార్పులు. వాటివల్ల వెచ్చబడిన సముద్రం కార్బన్ డయాక్సైడ్‌ను వదిలింది, అది వేడిని ఇంకా పెంచి భూగోళమంతటికీ వ్యాపింపజేసింది. ఒకప్పుడు ఫలితంగా వచ్చిన వస్తువు తిరిగి కారణంగా పనిచేయడంలో వైరుధ్యం లేదు. ఇప్పటి పెరుగుదల సముద్రంనుంచి వచ్చింది కాదనడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి. మనుషులు ఏటా సుమారు 4,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతున్నారు, గాలిలో పెరుగుతున్నది అందులో సగం మాత్రమే. అంటే సముద్రం, నేల కలిసి మిగతా సగాన్ని పీల్చుకుంటున్నాయి, బయటికి వదలడం లేదు. సముద్రపు నీటిలో ఆమ్లగుణం పెరగడం అందుకే. పైగా గాలిలోని కార్బన్‌లో కార్బన్-13 అనే కొంచెం బరువైన రకం వాటా తగ్గుతోంది, శిలాజ ఇంధనాల్లో ఆ వాటా తక్కువ. ఇంధనం మండితే ఖర్చు కావలసినట్టే ఆమ్లజని కూడా కొలవదగినంత తగ్గుతోంది.

ఉష్ణోగ్రత కొలతలను నమ్మవచ్చా అని కూడా మీరు మధ్యలో ఒక వాక్యం రాశారు. ఇక్కడ సంశయం నిజంగా మేలు చేసింది. ఉపగ్రహాలనుంచి ట్రోపో ఆవరణపు (నేలను ఆనుకుని ఉన్న కింది గాలి పొర) ఉష్ణోగ్రతను లెక్కగట్టిన తొలి ఫలితాలు 1990లలో వేడెక్కడం దాదాపు లేదన్నాయి. ఉపగ్రహాలు క్రమంగా ఎత్తు కోల్పోతున్న సంగతి లెక్కలోకి తీసుకోలేదని 1998లో, రోజులో కొలత తీసే వేళ క్రమంగా మారిపోతుండడాన్ని సరిదిద్దడంలో పొరపాటుందని 2005లో ఇతరులు చూపించారు. సవరించాక వేడెక్కడం కనిపించింది. అటు నగరాల వేడివల్ల నేలమీది రికార్డులు చెడిపోయాయని శంకించిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్, బర్క్‌లీలో కొత్త బృందాన్ని కూర్చి లెక్కలన్నీ మొదటినుంచి చేసి, పాత ఫలితాలు సరైనవేనని ప్రకటించాడు. అదనపు వేడిలో 90 శాతం చేరుతున్న సముద్రాల్లో నగరాలు లేవు, అక్కడా ఉష్ణం పెరుగుతూనే ఉంది.

మీ సంశయానికి నిజమైన చోటు మేఘాల దగ్గర ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపై మరేమీ మారకపోతే భూమి వేడెక్కేది ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ, అంతే. నీటి ఆవిరి, కరిగే మంచు దాన్ని పెంచుతాయి. తక్కువ ఎత్తులో ఉండే మేఘాలు వేడివల్ల పలచబడితే ఇంకా పెరుగుతుంది, చిక్కబడితే తగ్గుతుంది. 1979లో అమెరికాలో జ్యూల్ చార్నీ నాయకత్వంలోని సంఘం ఈ మొత్తం పెరుగుదల 1.5 నుంచి 4.5 డిగ్రీల మధ్య ఉంటుందని చెప్పింది. నలభై ఏళ్లకు పైగా పరిశోధన జరిగాక, 2021లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన నిపుణుల సంఘం) నివేదిక దాన్ని 2.5 నుంచి 4 డిగ్రీల మధ్యకు కుదించింది. పొగ, ధూళి కణాలు మేఘాలను మార్చి ఎంత వేడిని ఇప్పటిదాకా కప్పిపుచ్చాయన్నదీ స్పష్టంగా తేలలేదు. ఎవరైనా మీకు 3 డిగ్రీలు అని ఒకే అంకె చెప్పి దాన్ని తిరుగులేని నిజంగా చూపిస్తే, దాని చుట్టూ ఎంత వెసులుబాటు ఉందని తప్పక అడగండి. సముద్రాల మీది తక్కువ ఎత్తు మేఘాలను వాళ్లు ఏ కొలతల ఆధారంగా లెక్కగట్టారో కూడా అడగండి.